ధర్మవరంలో ఒక నేత కుటుంబానికి ఇల్లు: మూడు సెంట్ల స్థలం, ఒక మగ్గం, పది వేల లీటర్ల వాన నీరు

శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరంలో పట్టు చీరలు నేసే కుటుంబానికి ఇల్లే పనిచోటు. ముందు గదిలో మగ్గం, వెనక వంట, రాత్రయితే మగ్గం పక్కనే పడకలు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటాక ఆ ముందు గదిలో కూర్చోవడం కష్టమవుతుంది. పొడి గాలికి పట్టు పోగు పెళుసెక్కి తెగుతుంది, చెమట చేతులతో చీరను ముట్టుకోవడానికి నేసేవారు జంకుతారు, ఇవాళ అయిపోవాల్సిన పని రేపటికి జారుతుంది. కాబట్టి ఈ ఊళ్లో ఇంటి వేడిని తగ్గించడమంటే సుఖం కోసం చేసే ఖర్చు కాదు, కూలి గిట్టుబాటు కోసం చేసే ఖర్చు. పట్టణం అంచున అలాంటి ఒక కుటుంబం కోసం మేము రూపకల్పన చేసి కట్టించిన ఇంటి వివరాలను లెక్కలతో సహా ఇక్కడ రాస్తున్నాను.

ఇంట్లో ఉండేది ఐదుగురు: భార్యాభర్తలు, బడికి పోయే ఇద్దరు పిల్లలు, ఆయన తల్లి. స్థలం మూడు సెంట్లు, అంటే 145 గజాలు. ఉత్తర దక్షిణాలుగా 30 అడుగులు, తూర్పు పడమరలుగా 43.5 అడుగులు, తూర్పున వీధి. స్థలం విలువ కాకుండా చేతిలో ఉన్నదీ, బ్యాంకు అప్పుగా వచ్చేదీ కలిపి 13 లక్షల రూపాయలు. 24 అడుగుల వెడల్పు, 34 అడుగుల పొడవుతో 816 చదరపు అడుగుల ఇంటికి అది చదరపు అడుగుకు 1,600 రూపాయల దగ్గర తేలుతుంది. ఆ ధరలో పొదుపు పరికరాలు ఒక్కొక్కటిగా కొని తగిలించే వీలు లేదు. అందుకే, ఇంట్లో పెట్టే ఏ వస్తువైనా వేడి, నీరు, కట్టుబడి ఖర్చు అనే మూడు పద్దుల్లో కనీసం రెండింటికి పనికిరావాలని మొదటే నియమం పెట్టుకున్నాము. ఒక్క పద్దుకే పనికొచ్చేవాటిని, ఎంత మంచివైనా, వదిలేశాము.

దిక్కులు, వాస్తు

వాస్తును పక్కన పెట్టి ఈ ప్రాంతంలో ఇల్లు గీయడం కుదరదు. పెట్టాల్సిన అవసరమూ పెద్దగా లేదు. ఆగ్నేయంలో వంటగది ఉండాలన్నారు. జూన్ నుంచి సెప్టెంబరు వరకూ ఇక్కడ బలంగా వీచేది పడమటి, నైరుతి గాలి. వంటగది తూర్పు మూలన ఉంటే పొగా వేడీ ఇంట్లోకి తిరగకుండా బయటికే పోతాయి. ఈశాన్యంలో నీళ్లుండాలన్నారు. స్థలం వాలు కూడా అటే ఉంది, సంపుకు అంతకంటే మంచి చోటు లేదు. చిక్కు వచ్చింది ఒక్క నైరుతి దగ్గరే. పెద్దవాళ్ల పడకగది నైరుతిలో ఉండాలంటారు, కానీ ఇంటిలో మధ్యాహ్నపు ఎండ అంతా మోసే మూల అదే. గదిని మార్చకుండా దాని పడమటి గోడను కాపాడుకున్నాము. లోపలి వైపు నేల నుంచి పైదాకా కడప బండల అరలతో బీరువా గోడ కట్టాము. బయటి వైపు మేడ మెట్లను ఆ గోడకు ఆనించి వేశాము. ఆ మెట్ల నీడ మధ్యాహ్నం మూడింటి తర్వాత గోడలో చాలా భాగాన్ని కప్పుతుంది. మెట్ల కింద బట్టలు ఉతికే చోటు వచ్చింది. మెట్లు ఎలాగూ కట్టాలి, అరలు ఎలాగూ పెట్టాలి కాబట్టి నీడకంటూ విడిగా ఖర్చు పడలేదు.

ధర్మవరం దాదాపు 14.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు రెండో వారం వరకూ మధ్యాహ్న సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికి వాలుతాడు. మిగతా కాలమంతా దక్షిణం వైపు ఉంటాడు. దక్షిణం వైపు నాలుగు అడుగుల ఎత్తున్న కిటికీకి అడుగున్నర సజ్జ పెడితే మార్చి మొదటి వారం నుంచి అక్టోబరు మొదటి వారం వరకూ మిట్టమధ్యాహ్నపు ఎండ లోపలికి రాదు, డిసెంబరులో మాత్రం వస్తుంది. మనకు కావాల్సింది అదే. రెండు, రెండున్నర అడుగుల కాంక్రీటు సజ్జలు అలవాటు కొద్దీ పోస్తారు కానీ దక్షిణానికి అంత అవసరం లేదు. ఇక్కడ సజ్జలన్నీ కడప బండలే. గోడలో ఇరికించి నిలబెట్టినవి. సెంట్రింగు లేదు, ఇనుము లేదు.

మగ్గం గది ఈశాన్యానికి ఆనుకుని ఉత్తరం వైపు 12 అడుగులకు 15 అడుగులు. నేతకు కావాల్సింది రోజంతా నిలకడగా ఉండే వెలుతురు. ఎండ పట్టు మీద నేరుగా పడితే రంగు వెలుస్తుంది. అందుకని వెలుతురు ఉత్తరం కిటికీల నుంచి తీసుకున్నాము. అయితే మే, జూన్, జూలై నెలల్లో పొద్దునా సాయంత్రమూ ఎండ ఉత్తరం వైపు నుంచే ఏటవాలుగా వస్తుంది, దాన్ని పైనున్న సజ్జ ఆపలేదు. ప్రతి కిటికీకీ రెండు పక్కలా అడుగున్నర బండలను నిలువుగా పెట్టాల్సి వచ్చింది. మగ్గం మీద జాకార్డు, అంటే చీరలో డిజైను నేసే యంత్రం, కూర్చుంటుంది కాబట్టి ఈ గదికి పదిన్నర అడుగుల ఎత్తు చాలదు. 12 అడుగులు ఇచ్చి, మిగతా ఇంటిని పదిన్నర అడుగులకే ఆపాము. రెండు కప్పుల మధ్య వచ్చిన అడుగున్నర తేడాలో దక్షిణం వైపు ఏటవాలు బండలతో జాలీ పెట్టాము. జాకార్డు చుట్టూ పేరుకునే వేడి గాలి అక్కడి నుంచి పోతుంది. మగ్గం గుంత సహజంగానే చల్లగా, కాస్త తేమగా ఉంటుంది, దాని అడుగున సిమెంటు వేయవద్దని కోరింది ఆ ఇంటాయనే.

కప్పు

ఒక అంతస్తు ఇంట్లో వేడి ప్రధానంగా దిగేది కప్పు నుంచి. రాయలసీమ పాత ఇళ్లలో ఈ సమస్యకు సమాధానం చవుడు మిద్దె: దూలాలు, దంతెలు, వాటి మీద బండలో కట్టెలో పరిచి, ఆ పైన మందంగా మట్టి, అన్నిటికన్నా మీద నీరు ఇంకనివ్వని చవుడు. ఆ ఇంటి పెద్దావిడ పుట్టి పెరిగింది అలాంటి మిద్దె కింద. సిమెంటు మిద్దె కింద రాత్రి పన్నెండైనా నిద్ర పట్టదని ఆమె చెప్పిన మాటలో భౌతికశాస్త్రం ఉంది. నాలుగైదు అంగుళాల స్లాబు పగలు మింగిన వేడిని సాయంత్రం మొదలుకొని అర్ధరాత్రి దాకా కిందికి వదులుతూనే ఉంటుంది. అయినా చవుడు మిద్దె మళ్లీ వేద్దామంటే ఆమే ఒప్పుకోలేదు. ఏటా వానలకు ముందు చవుడు తెచ్చి పరచడానికి ఇప్పుడు మనుషులు దొరకరు, కలపకు డబ్బు చాలదు.

నాలుగు అంగుళాల కాంక్రీటు స్లాబు మీద మూడు అంగుళాల కోబా, అంటే ఇటుక ముక్కల పొర, వేస్తే యు-విలువ, అంటే ఒక చదరపు మీటరు గుండా ఒక డిగ్రీ తేడాకు దిగే వేడి, సుమారు 2.7 వాట్లుగా లెక్క తేలుతుంది. నివాస భవనాలకు కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత ప్రకారం అది 1.2 దాటకూడదు. కోబా మందాన్ని రెట్టింపు చేసినా ఆ అంకె అందదు, పైగా బరువు పెరుగుతుంది. తక్కువ ఖర్చు ఇల్లు అనగానే అందరూ చెప్పే ఫిల్లర్ స్లాబును, అంటే కొంత కాంక్రీటుకు బదులు లోపల పెంకులు పెట్టి పోసే స్లాబును, కూడా ఆలోచించాము. కాంక్రీటు ఆదా అవుతుంది, నిజమే. వేడి విషయంలో మాత్రం దానికి ఉన్న పేరు దాని పనికన్నా పెద్దదని నా అభిప్రాయం: పెంకుల మధ్య ఉండే కాంక్రీటు బద్దెలు వేడిని యథాతథంగా కిందికి దింపేస్తాయి. ఫిల్లర్ స్లాబు పోసిన అనుభవం ఉన్న మేస్త్రీ కూడా దగ్గరలో లేడు.

చివరికి మామూలు స్లాబు మీదే 40 మిల్లీమీటర్ల గట్టి థర్మకోలు పలకలు పరిచి, వాటి మీద ఇనుప జాలీ వేసిన రెండు అంగుళాల కాంక్రీటు పోసి, తెల్లటి గ్లేజు టైల్సు ముక్కలను అతికించాము. యు-విలువ 0.7 దరిదాపులకు దిగింది. థర్మకోలును స్లాబు కింద ఫాల్స్ సీలింగులా కాకుండా పైన వేయడానికి కారణం ఉంది. పైన వేస్తే కాంక్రీటు ముద్ద పెద్దగా వేడెక్కదు; కింద వేస్తే అది వేడెక్కి, ఆ వేడిని పట్టుకుని కూర్చుంటుంది. టైల్సు ముక్కలు టైల్సు దుకాణాల్లో పగిలి పక్కన పడేసినవి, దాదాపు రవాణా ఖర్చుకే వచ్చాయి.

తెల్లటి కూల్ రూఫ్ పెయింటు దీనికన్నా చవక, వేయడం తేలిక. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చిన తర్వాత అలాంటి పెయింట్ల ప్రచారం ఇటువైపు కూడా పెరిగింది. ఇక్కడ వద్దనుకోవడానికి కారణం నీరు. ఈ కప్పు మీద పడే వాన తాగడానికి వాడాలి. పెయింటు నాలుగేళ్లకు పొరలు లేస్తుంది, దుమ్ము పడుతుంది, అందులో ఏముందో డబ్బా మీద రాయరు. గ్లేజు టైలు మీద దుమ్ము నిలవదు, చీపురుతో ఊడిస్తే చాలు. తెలుపు వేడికి, నునుపు నీటికి పనికొచ్చాయి.

గోడలు

పిల్లర్లు లేకుండా కట్టాలన్న మా ప్రతిపాదనే అందరికంటే ఎక్కువ వాదన రేపింది. పిల్లరు లేని ఇల్లు ఇల్లే కాదన్నంతగా ఆ నమ్మకం పాతుకుపోయింది. అనంతపురం ప్రాంతం భూకంపాల పటంలో తక్కువ ముప్పున్న రెండో జోనులో ఉంది. నాలుగు అడుగుల లోతులో గట్టి గరుసు తగిలింది. గది వెడల్పు ఎక్కడా 12 అడుగులు మించలేదు. ఇలాంటి చోట రాతి పునాది, బరువు మోసే తొమ్మిది అంగుళాల గోడలు, పునాది పైనా కిటికీల పైనా చుట్టూ తిరిగే రెండు కాంక్రీటు పట్టీలు చాలు, రేపు ఒక అంతస్తు పైన వేసుకున్నా సరిపోతాయి. పిల్లర్లకూ బీములకూ పోవాల్సిన ఇనుము, సిమెంటు డబ్బే థర్మకోలుకు, సంపుకు మళ్లింది. ఈ ఇంటి బడ్జెట్టులో కీలకమైన మార్పు ఏదైనా ఉందంటే అది ఇదే.

గోడలకు కాల్చిన ఇటుకకు బదులు సిమెంటు కలిపిన మట్టి దిమ్మెలు వాడాము. పునాది కందకాలు, సంపు తవ్వగా వచ్చిన ఎర్రమట్టిని సీసాలో నీళ్లు కలిపి పేరుకోనిచ్చే పరీక్షలో చూస్తే ఇసుక మూడింట రెండు వంతుల దాకా తేలింది, బంకమన్ను తగుపాళ్లలో ఉంది. ఇలాంటి మట్టికి ఏడు శాతం సిమెంటు సరిపోతుంది. పైపొర మట్టిని వేర్లు, చెత్త ఉంటాయి కాబట్టి పక్కన పెట్టి మొక్కలకు వాడుకున్నాము. చేతితో నొక్కే యంత్రాన్ని అద్దెకు తెచ్చి స్థలంలోనే సుమారు 6,000 దిమ్మెలు చేయించాము, 70 బస్తాల సిమెంటు పట్టింది. మూడు వారాల పాటు తడి గోనెలు, వాటి మీద టార్పాలిను కప్పి ఉంచాము. విడిగా నీళ్లు చల్లే పద్ధతితో పోలిస్తే ఇది నీటిని బాగా ఆదా చేస్తుంది. మట్టి దిమ్మెల భారత ప్రమాణం ఐ.ఎస్. 1725 ప్రకారం నానబెట్టిన దిమ్మెల బలం పరీక్ష చేయించిన తర్వాతే కట్టుబడి మొదలుపెట్టాము. ఈ పరీక్షను దాటవేసి మట్టి దిమ్మెలు వాడవద్దని నేను గట్టిగా చెబుతాను, ఎందుకంటే పొడిగా ఉన్నప్పుడు ఏ దిమ్మె అయినా గట్టిగానే కనిపిస్తుంది.

లోపలి గోడలకు పూత లేకుండా సున్నం మాత్రమే కొట్టించాము. ఉత్తరం, దక్షిణం వైపు బయటి గోడలు అలాగే వదిలేశాము. వాన ఈడ్చికొట్టే పడమటి గోడకు సిమెంటు పూత వేయించాము. వీధి వైపు గోడకు పూత అవసరం లేదు కానీ ఆ ఇంటావిడ పట్టుబట్టి పూయించి రంగు వేయించింది. మట్టి ఇల్లు అని నలుగురూ అనుకోవడం ఆమెకు ఇష్టం లేదు. అప్పు తీర్చేది వాళ్లు, ఆ ఇంట్లో పరువుగా బతకాల్సిందీ వాళ్లే. ఆ ఖర్చును నేను వృథా అనను. నేలకు తాడిపత్రి బండలు.

నీరు

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లే, అన్ని నెలల కన్నా ఎక్కువగా పడేది సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. అంతకన్నా పెద్ద ఇబ్బంది భూగర్భ జలంలో ఫ్లోరైడు. తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 1.5 వరకూ అనుమతిస్తారు. ఈ జిల్లాలో చాలా బోర్ల నీరు ఆ హద్దు దాటుతుంది. నీరు కాచితే ఫ్లోరైడు పోతుందని ఇంకా నమ్మేవాళ్లున్నారు. కాచితే నీరు ఆవిరవుతుంది, ఫ్లోరైడు మిగిలి మరింత చిక్కబడుతుంది. ఇంటింటికీ క్యాను నీళ్లు వస్తున్నది అందుకే.

76 చదరపు మీటర్ల కప్పు మీద 550 మిల్లీమీటర్ల వాన పడి, అందులో 80 శాతం చేతికి వస్తే 33,400 లీటర్లు. ఐదుగురు మనుషులు తలకు 70 లీటర్ల చొప్పున రోజుకు 350 లీటర్లు వాడితే ఆ నీరు మూడు నెలలకు సరిపోతుంది, అంతే. వాన నీటితో ఇల్లంతా గడిచిపోతుందని చెప్పేవారు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. కానీ తాగడానికి, వంటకు మాత్రమే వాడితే మనిషికి ఎనిమిది లీటర్ల చొప్పున రోజుకు 40, ఏడాదికి 14,600 లీటర్లే కావాలి. కాబట్టి ఈ ఇంట్లో వాన నీరు వంటగదికి మాత్రమే. స్నానం, ఉతుకుడు మున్సిపాలిటీ కుళాయితో, అది రానప్పుడు బోరుతో.

సంపు ఎంత ఉండాలన్నది మొత్తం వానను బట్టి కాకుండా, వాన లేని రోజులను బట్టి తేల్చాలి. డిసెంబరు నుంచి మే చివరి దాకా ఆరు నెలలు. జూన్, జూలై కూడా మొహం చాటేస్తే ఎనిమిది నెలలు, అంటే 240 రోజులు. రోజుకు 40 లీటర్ల చొప్పున 9,600. అందుకే పొడవు వెడల్పులు ఎనిమిదేసి అడుగులు, లోతు ఐదున్నర అడుగులతో దాదాపు పది వేల లీటర్ల సంపును వసారా కింద కట్టాము. సంపు మూతే వసారా నేల కావడంతో స్థలమూ కలిసొచ్చింది, లోపలికి వెలుతురు పోదు కాబట్టి పాచి పట్టదు.

తొలకరి నీరు సంపులోకి పోకూడదు. కప్పు మీది తొలి రెండు మిల్లీమీటర్ల వాన, అంటే 150 లీటర్ల దాకా, పక్కన పెట్టాలి. దీనికి పొడవైన పైపు నిలబెట్టే పద్ధతిని చాలా చిత్రాల్లో చూపిస్తారు. ఆరు అంగుళాల పైపులో మీటరుకు 18 లీటర్లే పడతాయి కాబట్టి 150 లీటర్లకు ఎనిమిది మీటర్ల పైపు కావాలి. 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము చవకగా ఆ పని చేస్తుంది: ముందు డ్రమ్ము నిండుతుంది, నిండాక నీరు ఇసుక, గులకరాళ్ల వడపోత మీదుగా సంపుకు మళ్లుతుంది. డ్రమ్ము అడుగున కుళాయి, దాన్ని వాన వెలిశాక తిప్పి ఖాళీ చేయాలి. ఆ పని మర్చిపోతే మొత్తం ఏర్పాటు వృథా, అందుకని దాన్ని పిల్లల బాధ్యతగా పెట్టుకున్నారు.

సంపు నుంచి నీరు తోడడానికి మోటారు పెట్టకుండా చిన్న చేతి పంపు బిగించాము. కరెంటు ఖర్చు లేదన్నది అందులో చిన్న లాభమే. కుళాయి తిప్పితే వచ్చే నీటిని ఎవరూ కొలవరు, చేత్తో కొట్టి బిందె నింపాలంటే అంట్లు తోమడానికి ఆ నీరు వాడరు. సంపు నిండాక పొర్లే నీరు ఇంకుడు గుంతలోకి పోతుంది.

మరుగుదొడ్డికి జంట గుంతల పద్ధతి, వాయవ్యంలో. వాలు ఎక్కువగా ఉండే ప్యానుకు లీటరున్నర, రెండు లీటర్లు పోస్తే చాలు. పాత ఫ్లష్ ట్యాంకు అదే పనికి పది లీటర్లు తాగుతుంది. ఒక గుంత నిండాక రెండోదానికి మళ్లిస్తారు, మొదటిది ఎరువుగా మారేదాకా కదపరు. ఇక్కడ భూగర్భ జలం బాగా లోతున ఉండడం, సంపు ముప్పై అడుగులకు పైగా దూరంలో ఉండడం చూసుకునే దీన్ని ఎంచుకున్నాము. నీరు పైపైనే తగిలే కోస్తా ఊళ్లలో ఇది సలహా ఇవ్వను. స్నానాల నీరు, ఉతికిన నీరు గులకరాళ్లలో పెంచిన మెట్టతామర మడి గుండా సాగి పెరట్లోని అరటికి, కరివేపాకుకు, మునగకు చేరుతుంది. రంగు వేసిన పట్టునే వీళ్లు బయటి నుంచి తెచ్చుకుంటారు కాబట్టి ఇది కుదిరింది. ఇంట్లోనే అద్దకం చేసే కుటుంబమైతే ఆ నీటిని మొక్కలకు పంపకూడదు.

కరెంటు

ఇక్కడ చెప్పాల్సింది తక్కువ. నాలుగు ఫ్యాన్లు రోజుకు 12 గంటలు తిరుగుతాయి. 75 వాట్ల మామూలు ఫ్యాన్లకు బదులు 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే నెలకు 65 యూనిట్లు తగ్గుతాయి. ధర రెట్టింపైనా అవే పెట్టించాము. మా నియమానికి ఇది ఒక్కటే మినహాయింపు. ఎయిర్ కూలరు వద్దని చెప్పడానికి కారణం కరెంటు కన్నా నీరే: ఎండాకాలంలో పగలంతా నడిచే కూలరు తాగే నీరు ఈ ఇంటి మొత్తం తాగునీటితో సమానం. సోలారు పలకలు మొదటి ఖర్చులో చేర్చలేదు. కప్పు మీద నీడ పడని వంద చదరపు అడుగుల చోటు వదిలి, మీటరు దాకా గొట్టం మాత్రం వేసి ఉంచాము. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఒక కిలోవాటుకు 30,000 రూపాయలు, రెండింటికి 60,000, మూడు, ఆపైన 78,000 రాయితీ ఉంది. అప్పు కొంత తీరాక ఒక కిలోవాటు పెట్టుకోవాలని వాళ్ల ఆలోచన.

కట్టిన తర్వాత

మగ్గం మీద మధ్యాహ్నం పని ఆగడం లేదు. తల్లి పడక నైరుతి గదిలోకి మారింది. క్యాను నీళ్లు కొనడం మానేశారు, సంపు నీటిని ఏటా వానాకాలం తర్వాత పరీక్ష చేయిస్తున్నారు. ఇబ్బందులూ ఉన్నాయి. తెల్లకప్పు మెరుపు ఎదురు మేడవాళ్ల కళ్లకు కొడుతోంది. దుమ్ముగాలి లేచినప్పుడు మగ్గం గది జాలీకి గుడ్డ కట్టాల్సి వస్తోంది, పట్టు మీద దుమ్ము పడనివ్వరు కదా. జాలీకి మూసి తెరిచే తలుపు ఉంటే బాగుండేదని వాళ్లు అడుగుతున్నారు, పెట్టబోతున్నాము.

పై అంతస్తు వేసే రోజున థర్మకోలు, టైల్సు ఉన్న ఈ కప్పు నేలగా మారుతుంది. దాన్ని పెకలించనక్కర్లేదు, టైల్సు ముక్కల మీదే తాడిపత్రి బండలు పరచవచ్చు. కొత్త కప్పుకు మాత్రం ఇదే పని మళ్లీ చేయాలి, వాన గొట్టాలను పైకి పొడిగించాలి. ఆ సంగతి, గొట్టాలు ఎక్కడ కలపాలో చూపించే పటంతో సహా, ఇంటి కాగితాలతో పాటు వాళ్లకు రాసి ఇచ్చాము. అదే వీధిలో పడమర ముఖం స్థలం ఉన్న మరో కుటుంబం ఈ పటమే కావాలని వచ్చింది. వాళ్లకు మెట్లు వీధి వైపు వస్తాయి, సంపు పెరట్లోకి పోతుంది, మగ్గం గది మాత్రం ఉత్తరానే ఉంటుంది; ఆ పటం ఇప్పుడు గీస్తున్నాము.